ఆఫీసు తలుపుల కార్డులు మార్చేముందు: పేరు చెప్పే కార్డు, రుజువు చూపే కార్డు

ప్రశ్న క్లుప్తంగా ఇది. విజయవాడలో రెండంతస్తుల ఆఫీసు, 140 మంది, ఆరు తలుపులు, తొమ్మిదేళ్ల కిందటి తెల్ల కార్డులు. మానేసి వెళ్లిన ఒకరి కార్డును కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు. ఆమె సెలవులో ఉన్న రోజు రాత్రి అదే నెంబరుతో తలుపు తెరుచుకున్నట్టు లాగ్‌లో ఉంది. తాళంచెవులు చేసే షాపుల్లో కార్డు కూడా కాపీ చేస్తారని విన్నారు. “మైఫేర్‌కి మారితే కాపీ అన్న మాటే ఉండదు, కార్డులూ రీడర్లూ మార్చితే చాలు, వైరింగ్ జోలికి పోనక్కర్లేదు” అని వెండర్ అంటున్నాడు. నమ్మొచ్చా? ఫోన్‌తో తలుపు తీయొచ్చా అని కూడా అడిగారు.

షాపులో కాపీ అవుతుందన్నది నిజమే. వెండర్ మాటలో మాత్రం సగమే నిజం. మైఫేర్ అనేది ఒక కార్డు పేరు కాదండి, ఎన్‌ఎక్స్‌పీ అనే కంపెనీ చిప్పు కార్డుల కుటుంబం పేరు. అందులో పదిహేనేళ్లకు పైగా బద్దలై ఉన్న కార్డూ ఉంది, ఇవాళ్టికీ గట్టిగా నిలబడ్డ కార్డూ ఉంది. కొటేషన్‌లో ఒట్టి “మైఫేర్ 1కే” అని ఉంటే, డబ్బులు ఖర్చవుతాయి గానీ పాత ఇబ్బంది పాతగానే ఉంటుంది. ఇంకో మాట. మంచి కార్డు కొని కూడా రీడర్‌ను దాని సీరియల్ నెంబరు మాత్రమే చదివేలా పెట్టిన ఆఫీసులు లెక్కలేనన్ని. అక్కడ కార్డు ఖరీదంతా వృథా.

విషయం అర్థం కావడానికి కార్డులను రెండు రకాలుగా అనుకోండి: పేరు చెప్పే కార్డు, రుజువు చూపే కార్డు. మొదటిది రీడర్ దగ్గరికి రాగానే తన నెంబరు చెప్పేస్తుంది, అడిగినవాడు ఎవడైనా సరే. రెండోది “నువ్వు నిజంగా మా రీడర్‌వేనా?” అని తనూ పరీక్షిస్తుంది, తన దగ్గరున్న రహస్య కీతో లెక్క చేసి రుజువు చూపిస్తుంది, ఆ తర్వాతే నెంబరు ఇస్తుంది. మీ తెల్ల కార్డులు మొదటి రకం.

అది రూఢి చేసుకోవడం రెండు నిమిషాల పని. ఎన్‌ఎఫ్‌సీ (దగ్గర పెట్టిన కార్డును చదివే రేడియో సౌకర్యం) ఉన్న ఫోన్‌లో ఆ సౌకర్యం ఆన్ చేసి కార్డును ఫోన్ వెనక ఆనించండి. ఫోన్ ఏమాత్రం స్పందించకపోతే అది దాదాపు ఖాయంగా 125 కిలోహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే కార్డు. స్పందిస్తే 13.56 మెగాహెర్ట్జ్ కార్డు. ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ ఉచితంగా ఇచ్చే ట్యాగ్‌ఇన్‌ఫో యాప్‌తో చిప్పు రకం కూడా తెలుస్తుంది. ఫోన్ లేకపోతే చీకట్లో కార్డు వెనక టార్చి వేసి చూడండి. సన్నటి రాగి తీగ చాలా చుట్లతో గుండ్రంగా కనిపిస్తే 125. కార్డు అంచుల వెంబడి నాలుగైదు చుట్లు దీర్ఘచతురస్రంగా ఉంటే సాధారణంగా 13.56.

125 కార్డుల్లో మన దగ్గర ఎక్కువగా దొరికేది ఈఎం4100 రకం. రీడర్ నుంచి కరెంటు అందగానే 64 బిట్లు చెబుతుంది, ఆగకుండా అవే చెబుతూనే ఉంటుంది. అందులో మొదటి 9 గుర్తు కోసం, 14 సరిచూసుకునే ప్యారిటీ, 1 ముగింపు. అసలు నెంబరు 40 బిట్లు. పాస్‌వర్డ్ లేదు, కీ లేదు, ప్రశ్న లేదు. టీ5577 అనే తిరగరాయగల చిప్పు ఉన్న ఖాళీ కార్డు మీద ఆ 40 బిట్లు రాస్తే రీడర్‌కు అసలుకూ నకలుకూ తేడా తెలియదు. షాపువాడి చేతిలో ఉండే చిన్న పరికరం చేసేది ఇదే, కొన్ని సెకన్ల పని.

కార్డు చేతికి కూడా అక్కర్లేదు. మీ కార్డు మీద “0008712345 132,61593” లాంటి అంకెలు అచ్చయి ఉంటాయి చూడండి. మొదటి పది అంకెలూ రెండో జతా ఒకే నెంబరు: 132ను 65,536తో గుణించి 61,593 కలిపితే 87,12,345 వస్తుంది. 26 బిట్ల పద్ధతిలో పనిచేసే రీడర్, తలుపు తీయాలో వద్దో తేల్చే కంట్రోలర్‌కు పంపేది ఈ రెండు అంకెలనే. అంటే లిఫ్టులో మెడలో వేలాడే కార్డును ఫోటో తీసినవాడికి నకలు చేయడానికి కావాల్సిందంతా దొరికినట్టే. తాళంచెవి పళ్ల బొమ్మను చొక్కా మీద అచ్చేసుకుని తిరిగినట్టు ఇది. కార్డులు మార్చడానికి నెలలు పట్టేలా ఉంటే, కనీసం ఈ అంకెల మీద ఐడీ స్టిక్కర్ అతికించండి, ఈరోజే.

ఇక మైఫేర్ క్లాసిక్. 1994లో వచ్చింది, ప్రపంచమంతా పాకింది. 1కే రకంలో 16 సెక్టార్లు, ఒక్కోదాంట్లో 16 బైట్ల బ్లాకులు నాలుగు. ప్రతి సెక్టార్‌లో చివరి బ్లాకు ఆరేసి బైట్ల రెండు కీలకు, ఎవరేం చదవొచ్చో చెప్పే బిట్లకు. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ లోపలి క్రిప్టో-1 అనే రహస్య పద్ధతి 48 బిట్ల కీది, అదీ బలహీనంగా కట్టింది. 2007 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో కార్‌స్టెన్ నోల్, హెన్రిక్ ప్లోట్జ్ చిప్పును పొరలు పొరలుగా గీకి, మైక్రోస్కోపు కింద చూసి ఆ పద్ధతిని ఎలా బయటికి లాగారో చెప్పారు. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్లు పూర్తి దాడిని ప్రచురించబోతే ఎన్‌ఎక్స్‌పీ కోర్టుకెళ్లింది, ఓడిపోయింది. 2024లో క్వార్క్స్‌ల్యాబ్ అనే ఫ్రెంచి సంస్థ ఇంకోటి బయటపెట్టింది: ఫూడాన్ కంపెనీ తయారుచేసే క్లాసిక్ తరహా చిప్పు ఎఫ్‌ఎం11ఆర్‌ఎఫ్08ఎస్‌లో, ఆ రకం కార్డులన్నిటికీ ఉమ్మడిగా పనిచేసే దొడ్డిదారి కీ ఉందని. “మైఫేర్ కంపాటిబుల్” అని చౌకగా అమ్మే కార్డులో ఏ చిప్పు ఉందో బయటికి చూస్తే తెలియదు.

ఇంత కష్టం కూడా చాలాచోట్ల అక్కర్లేదు. అటెండెన్స్ మెషీన్లలో ఎక్కువ భాగం క్లాసిక్ కార్డు సెక్టార్లను ముట్టుకోవు. కీ ఉంటే కదా అడగడానికి. యూఐడీ అనే సీరియల్ నెంబరు చదివి తలుపు తీసేస్తాయి. ఆ నెంబరు మార్చుకోగల “మ్యాజిక్” కార్డులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. సెక్టార్లు వాడే చోట కూడా ఫ్యాక్టరీ కీ, అంటే వరసగా పన్నెండు ఎఫ్‌లు, అలాగే వదిలేసి ఉంటారు. ఫోన్ యాప్‌లన్నీ మొదట ప్రయత్నించేది ఆ కీనే.

కాబట్టి మీరు అడగాల్సింది మైఫేర్ డెస్‌ఫైర్, ఈవీ2 గానీ ఈవీ3 గానీ. ఈవీ3 వచ్చింది 2020లో, కొత్తగా కొనేటప్పుడు అదే తీసుకోండి. “ఈవీ” అన్న అక్షరాలు లేని మొట్టమొదటి డెస్‌ఫైర్ పాత సరుకు ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి. దాని కీని కరెంటు వాడకాన్ని కొలిచి పట్టుకోవచ్చని 2011లోనే జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయంలో చేసి చూపించారు. క్లాసిక్‌తో పోలిస్తే ధర బాగా ఎక్కువే. అయినా 140 కార్డులంటే మొత్తం ప్రాజెక్టు ఖర్చులో అది చిన్న ముక్క. బేరం ఆడాల్సిన చోటు ఇది కాదు.

డెస్‌ఫైర్ కొన్నంత మాత్రాన పని అయిపోదు, దాన్ని తయారుచేయాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కార్డు మాస్టర్ కీ అన్నీ సున్నాలు. ముందు ఆ సున్నాల కీతో లోపలికి వెళ్లి దాన్ని 128 బిట్ల ఏఈఎస్ (గట్టిగా గుప్తం చేసే పద్ధతి) కీగా మార్చాలి. తర్వాత ఒక అప్లికేషన్ సృష్టించాలి, దాని గుర్తు మూడు బైట్లు. అందులో చదవడానికి ఒక కీ, రాయడానికి వేరే కీ. ఆ అప్లికేషన్‌లో ఒక ఫైలు, అందులో ఉద్యోగి కార్డు నెంబరు, ఆ ఫైలు సంభాషణ పూర్తిగా గుప్తంగా సాగేలా సెట్టింగు. తలుపు దగ్గరి రీడర్‌కు చదివే కీ మాత్రమే ఇవ్వాలి. రాసే కీ గోడ మీద ఉండే పరికరంలో ఉండకూడదు. అన్ని కార్డుల్లో ఒకే కీ పెట్టకుండా, మూల కీకి ఒక్కో కార్డు యూఐడీ కలిపి ఆ కార్డుకే చెందిన కీ పుట్టించే పద్ధతి ఉంది. అది పెట్టమనండి. ఎప్పుడైనా ఒక కార్డు కీ బయటపడితే ఆ ఒక్క కార్డే పోతుంది, 140 కాదు.

కీ ఎవరి దగ్గర ఉంటుంది? ఈ ప్రశ్న కొటేషన్ దశలోనే తేల్చుకోవాలి, ఎందుకంటే తర్వాత తేలదు. కీ వెండర్ దగ్గరే ఉంటే ప్రతి కొత్త కార్డుకూ అతని దగ్గరికే వెళ్లాలి, అతను చెప్పిందే ధర. వెండర్ తన కస్టమర్లందరికీ ఒకే కీ వాడుతుంటే పక్క ఆఫీసు కార్డు మీ రీడర్‌కు తెలిసిన కార్డే అవుతుంది. నెంబరు కూడా కలిస్తే తలుపే తెరుచుకుంటుంది. కీ మీరే పుట్టించండి. ఇద్దరు నమ్మకస్తులు చెరో 16 బైట్ల ముక్క విడివిడిగా తయారుచేసి, ఒకరిది ఒకరికి చూపించకుండా ఎన్‌కోడింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టాలి. సాఫ్ట్‌వేర్ ఆ రెండిటినీ కలిపి అసలు కీ చేసుకుంటుంది. ఆ రెండు ముక్కలూ కాగితం మీద రాసి, సీలు వేసిన కవర్లలో, వేర్వేరు బీరువాల్లో. వాట్సాప్‌లో పంపొద్దు, ఎక్సెల్‌లో దాచొద్దు. మాస్టర్ కీ పోగొట్టుకుంటే ఆ కార్డులను తిరగరాయడానికి దారి లేదు. తయారుచేసిన కంపెనీ వల్ల కూడా కాదు.

కార్డు మారాక మొదటివారం వచ్చే ఫిర్యాదు: “కొత్త కార్డు సరిగ్గా పనిచేయడం లేదు.” మనం స్వైప్ అంటాం గానీ ఇందులో గీయడం ఏమీ లేదు, ఆనించి ఉంచడమే. పాత 125 కార్డు పర్సులోంచి తీయకుండా దూరం నుంచి ఊపినా చదివేది. డెస్‌ఫైర్ దూరం సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు, పైగా ఆ ప్రశ్నజవాబుల లెక్క అయ్యేదాకా కార్డు కదలకూడదు. రీడర్ మీద ఒక సెకను ఆనించమని చెప్పండి. ఇంకో సంగతి: అదే పౌచ్‌లో మెట్రో కార్డో, వైఫై గుర్తున్న బ్యాంకు కార్డో ఉంటే అవీ 13.56వే. రీడర్‌కు ఒకేసారి రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకసారి చదువుతుంది, ఒకసారి చదవదు. పౌచ్‌లో ఒక్క కార్డే ఉండాలి.

ఫోన్‌తో తలుపు తీయొచ్చా అన్నారు. కార్డు కంపెనీ ఇచ్చే మొబైల్ క్రెడెన్షియల్ (ఫోన్‌లో ఉండే కార్డు), దానికి తగ్గ రీడర్ ఉంటే తీయొచ్చు. ఉట్టి ఎన్‌ఎఫ్‌సీ ఆన్ చేసి యూఐడీని ఎన్‌రోల్ (సిస్టంలో నమోదు) చేయబోతే కుదరదు. మామూలుగా ఫోన్లు చూపించే యూఐడీ ప్రతిసారీ మారే తాత్కాలిక నెంబరు, 08తో మొదలవుతుంది. సాయంత్రం ఎన్‌రోల్ చేసింది పొద్దున పనిచేయదు.

నెంబర్ల గందరగోళం ఇంకోటి ఉంది, ఇన్‌స్టాలర్లు రోజులు రోజులు తల పట్టుకునేది దీనితోనే. ఎన్‌రోల్‌మెంట్ రీడర్‌లో చదివిన నెంబరు తలుపు దగ్గర “తెలియని కార్డు” అని వస్తుంది. కారణం దాదాపు ఎప్పుడూ బైట్ల వరస. కార్డు నెంబరు హెక్సాలో (పదికి బదులు పదహారు అంకెలతో రాసే పద్ధతి) 12 34 56 78 అనుకోండి. ఎడమ నుంచి చదివే రీడర్‌కు అది 305419896. వెనక నుంచి చదివే రీడర్‌కు 2018915346. రెండూ సరైనవే, ఒకదానికొకటి పొసగవు. 26 బిట్ల అవుట్‌పుట్ పెట్టిన రీడర్ మొదటి బైటును కోసేసి మిగతా మూడిటినే పంపితే 52,22136 అని వస్తుంది. ముందు ఒకే కార్డును ఆరు రీడర్ల దగ్గరా పెట్టి కంట్రోలర్‌కు అందిన నెంబరు రాసుకోండి. అన్నీ ఒకటయ్యాకే మిగతా కార్డులు ఎన్‌రోల్ చేయండి.

ఆ కోసేయడం వల్ల ఇంకో చిక్కు. మూడు బైట్లంటే 1,67,77,216 నెంబర్లే. 140 మందికి ఇద్దరిది ఒకే నెంబరు అయ్యే అవకాశం లెక్కలోకి రాదు. కానీ యూఐడీలు చెల్లాచెదురుగా ఉన్నాయనుకుంటే, 5,000 కార్డుల క్యాంపస్‌లో ఎక్కడో ఒక జత కలిసే అవకాశం సగానికి సగం. అందుకే పెద్ద సంస్థలు 34 బిట్లో అంతకన్నా పొడుగువో వాడాలి. మీరు డెస్‌ఫైర్ ఫైలులో సొంత నెంబరు రాసుకుంటున్నారు కాబట్టి ఈ బాధ లేదు. ఒక్క నియమం పెట్టుకోండి: వాడేసిన నెంబరు ఇంకొకరికి ఇవ్వొద్దు. మీ సమస్య మొదలైందే అక్కడ. మానేసినవారి నెంబరును ఆ రోజే చంపేసి ఉంటే ఆయన జేబులో ఎన్ని నకళ్లున్నా అవి ఒట్టి ప్లాస్టిక్ ముక్కలు.

“వైరింగ్ జోలికి పోనక్కర్లేదు” అన్నదానికి వద్దాం. మీ పాత రీడర్ల నుంచి కంట్రోలర్ దాకా ఉన్నది వీగాండ్ అనే పాత తీగల పద్ధతి అనుకుంటున్నాను: ఎరుపు 12 వోల్టులు, నలుపు గ్రౌండు, ఆకుపచ్చ డేటా-0, తెలుపు డేటా-1. సున్నా పంపాలంటే ఆకుపచ్చ తీగ మీద, ఒకటి పంపాలంటే తెల్ల తీగ మీద, సుమారు 50 మైక్రోసెకన్ల పల్స్. అంతే. గుప్తం చేయడం లేదు, అవతలి నుంచి జవాబు లేదు. డెస్‌ఫైర్ కార్డు, రీడర్ ఎంత జాగ్రత్తగా మాట్లాడుకున్నా, రీడర్ వెనక నుంచి బయల్దేరేది మళ్లీ ఒట్టి నెంబరే. రెండు స్క్రూలు తీసి ఆ తీగల మీద చిన్న బోర్డు తగిలిస్తే అది వెళ్లిన నెంబర్లన్నీ దాచుకుంటుంది, అడిగినప్పుడు మళ్లీ ఆడిస్తుంది. ఇంటికి ఇనుప తలుపు పెట్టి పక్కన తడిక కట్టినట్టు.

దీనికి మందు ఓఎస్‌డీపీ, వీగాండ్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి. ఆర్‌ఎస్-485 తీగల మీద నడుస్తుంది, రెండు వైపులా మాట్లాడుతుంది, ఏఈఎస్-128తో గుప్తం చేస్తుంది, రీడర్ తీగ తెగితే కంట్రోలర్‌కు వెంటనే తెలుస్తుంది. వీగాండ్‌కు చెప్పే హద్దు 150 మీటర్లైతే దీనికి 1,200 దాకా. కానీ ఇందులోనూ గుప్తం అనేది ఆన్ చేస్తేనే ఉంటుంది. సెక్యూర్ ఛానెల్ అనే ఆ సెట్టింగు ఆఫ్‌లో ఉన్నా రీడర్ చక్కగా పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మొదటిసారి జతచేసేటప్పుడు వాడే డిఫాల్ట్ కీ లోకమంతటికీ తెలిసినదే. జత అయ్యాక కొత్త కీ పడిందో లేదో, జతచేసేటప్పటి ఇన్‌స్టాల్ మోడ్ ఆఫ్ అయిందో లేదో స్క్రీన్ మీద చూపించమనండి.

పాత కేబులుకు డేటా కోసం మెలితిప్పిన జత ఉంటే వైరు మార్చకుండానే ఓఎస్‌డీపీ నడవొచ్చు. మెలి లేని మామూలు అలారం కేబులైతే దగ్గరి తలుపులకు నడిచినట్టే ఉంటుంది, దూరపు తలుపుకు ఆగి ఆగి పోతుంది. ఒకే లైను మీద రెండు రీడర్లు పెడితే ఒక్కోదానికి వేరే అడ్రసు ఇవ్వాలి. రెండూ సున్నా అడ్రసుతోనే ఉంటే వంతులవారీగా ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ అవుతూ దెయ్యం పట్టినట్టు ప్రవర్తిస్తాయి. పొడుగు లైను రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టరు ఉండాలి, మధ్యలో వద్దు.

ఇంకా ముఖ్యమైనది: ఏ తలుపుకైనా రీడరే తాళాన్ని నేరుగా నడిపిస్తోందా? కీప్యాడ్, కార్డు రీడర్, రిలే (తాళానికి కరెంటు కలిపే, తెంపే స్విచ్చి) అన్నీ ఒకే డబ్బాలో ఉండే పరికరాల్లో తాళం తీగలు ఆ డబ్బా వెనకే ఉంటాయి. ఆ డబ్బా గోడకు బయటివైపు ఉంటుంది. అక్కడ కార్డు కాపీ చేసే శ్రమ దేనికి, స్క్రూడ్రైవర్ చాలు. తాళం తెరిచే రిలే ఎప్పుడూ లోపలివైపు ఉన్న కంట్రోలర్‌లోనే ఉండాలి. సర్వర్ గదికి ఇలాంటి డబ్బా ఉంటే కార్డులకన్నా ముందు దాన్ని మార్చండి.

తాళాల సంగతి మీరు అడగలేదు, అయినా రీడర్లు మార్చేటప్పుడు సీలింగ్ ఎలాగూ విప్పుతారు కాబట్టి చెబుతున్నాను. గాజు తలుపులకు వాడేది ఎక్కువగా 600 పౌండ్ల ఈఎం లాక్ (కరెంటుతో పనిచేసే అయస్కాంతపు తాళం), అంటే సుమారు 280 కిలోల పట్టు, 12 వోల్టుల దగ్గర అర ఆంపియరు. కొన్నాళ్లకు “గట్టిగా లాగితే వచ్చేస్తోంది” అంటారు. నూటికి తొంభైసార్లు తప్పు తాళానిది కాదు. తలుపు మీది ఇనుప పలకను బిగించి వదిలేసి ఉంటారు. అది రబ్బరు వాషర్ మీద కాస్త ఊగుతూ ఉండాలి, అప్పుడే అయస్కాంతానికి పూర్తిగా అతుక్కుంటుంది. రెండో కారణం సన్నటి వైరు. 24 గేజ్ క్యాట్6 తీగ కిలోమీటరుకు 84 ఓమ్‌లు. పవర్ సప్లై 30 మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 60 మీటర్లు, 5 ఓమ్‌లు. తాళం సుమారు 24 ఓమ్‌లు కాబట్టి దానికి 12లో పది వోల్టులు కూడా అందవు. అదే ఒక చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే 11.4 అందుతాయి. డేటాకు క్యాట్6 సరే, తాళానికి మాత్రం వేరే వైరు.

తాళం తెరుచుకున్న ప్రతిసారీ కంట్రోలర్ రీస్టార్ట్ అవుతుంటే, లేదా రిలే అతుక్కుపోయి తలుపు తెరిచే ఉండిపోతుంటే, తాళం చుట్ట నుంచి వచ్చే వెనక్కొట్టు వోల్టేజి కారణం. తాళం రెండు తీగల మధ్య ఒక 1ఎన్4007 డయోడు పెట్టాలి, తెల్ల గీత ప్లస్ వైపుకు. రూపాయి రెండు రూపాయల వస్తువు. తిప్పి పెడితే షార్టు. తాళానికీ రీడర్లకూ వేర్వేరు పవర్ సప్లైలు పెడితే ఇంకా మంచిది, కానీ వాటి గ్రౌండు తీగలు కలిపి ఉండాలి. కలపకపోతే డేటా చెడి, కార్డు నెంబర్లు ఒక్కోసారి ఒక్కో రకంగా వస్తాయి.

కరెంటు పోతే ఈఎం లాక్ తెరుచుకుంటుంది, అది దాని స్వభావం. మనుషులు లోపల చిక్కుకుపోకుండా అలా ఉండాలి కూడా. తాళం 0.5, రీడర్ 0.15, కంట్రోలర్ 0.25 కలిపి 0.9 ఆంపియర్లు అనుకుంటే, 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ కాగితం మీద ఏడున్నర గంటలు దాటుతుంది. నిజంగా ఐదు గంటలు వస్తే సంతోషించండి. ఫాల్స్ సీలింగ్ మీద ఎండాకాలాలు గడిపిన బ్యాటరీ అయితే గంట కూడా రాదు. ఆదివారం రాత్రి కరెంటు పోయి బ్యాటరీ దిగిపోతే మీ ఆఫీసు బార్లా తెరిచి ఉన్నట్టే. బయటి తలుపుకు షట్టరో మామూలు తాళమో ఉండి తీరాలి. సర్వర్ గదికి మాత్రం కరెంటు పోయినా బయటినుంచి మూసే ఉండే ఎలక్ట్రిక్ స్ట్రైక్ (కరెంటు అందితేనే గడియను వదిలే తాళం) పెట్టి, లోపలినుంచి హ్యాండిల్ తిప్పితే తెరుచుకునేలా చూడండి.

అగ్నిప్రమాదం విషయంలో రాజీ లేదు. బయటికి వెళ్లే దారి తలుపులు లోపలివైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చెబుతుంది. దాన్ని పాటించామని చెప్పుకుంటూ చేసే తప్పు ఒకటుంది: ఎగ్జిట్ బటన్‌నూ, ఆకుపచ్చ ఎమర్జెన్సీ డబ్బానూ రెండిటినీ కంట్రోలర్ ఇన్‌పుట్‌లకే కలపడం. కంట్రోలర్ హ్యాంగ్ అయితే రెండూ పనిచేయవు. ఆకుపచ్చ డబ్బా తాళానికి వెళ్లే ప్లస్ తీగనే నేరుగా తెంపాలి. ఫైర్ ప్యానెల్ రిలే కూడా అదే తీగలో వరసగా రావాలి. పరీక్ష ఎలాగంటే, కంట్రోలర్‌ను పూర్తిగా ఆఫ్ చేసి, తాళానికి కరెంటు ఉంచి, డబ్బా నొక్కండి. తలుపు తెరుచుకోవాలి. ఆరు తలుపులకూ చేయండి, మీ కళ్లముందు.

కార్డుల అచ్చు గురించి రెండు ముక్కలు. లాన్యార్డ్ (మెడ తాడు) కోసం రంధ్రం కొట్టేటప్పుడు యాంటెన్నా తీగ తెగితే కార్డు చచ్చినట్టే, కాబట్టి ముందు టార్చి వేసి తీగ ఎక్కడుందో చూసి కొట్టాలి. లేదా ప్లాస్టిక్ హోల్డర్ వాడండి, అదే మేలు. కార్డు మీద ఆఫీసు చిరునామా వేయొద్దు. పోయిన కార్డు దొరికినవాడికి ఏ తలుపుకు వెళ్లాలో మనమే చెప్పినట్టవుతుంది. తిరిగి ఇవ్వడానికి ఒక ఫోన్ నెంబరు చాలు.

కొనుగోలు ఆర్డరులో ఈ మాటలు ఇలాగే రాయించండి: డెస్‌ఫైర్ ఈవీ3 కార్డులు, యూఐడీ కాదు, గుప్తమైన ఫైలు నుంచి నెంబరు చదవాలి, కార్డుకో కీ, కీల హక్కు కొనుగోలుదారుదే, ఓఎస్‌డీపీ సెక్యూర్ ఛానెల్ ఆన్ చేసి అప్పగించాలి, రీడర్ విప్పితే అలారం రావాలి. వీటిలో దేనికైనా “అది అవసరం లేదు సార్” అన్న జవాబు వస్తే, చేయడం తెలియదని అర్థం. ఇంకో వెండర్‌ను అడగండి.

ఒకే రోజు 140 కార్డులూ మార్చలేరు కాబట్టి, 125నూ 13.56నూ రెండూ చదివే రీడర్లు ముందు పెట్టి, రెండు మూడు వారాల్లో కార్డులు మార్చుకుంటూ పోవడం సరైన పద్ధతి. అందరూ చేసే పొరపాటు ఆ తర్వాత వస్తుంది: కొత్త కార్డులు పంచేసి, రీడర్‌లో పాత 125 చదవడాన్ని అలాగే ఆన్‌లో వదిలేస్తారు. అప్పుడు డెస్‌ఫైర్ ఎంత గొప్పదైనా, ఒక అసలు కార్డు నెంబరును టీ5577 మీద రాసి చూపిస్తే రీడర్ దాన్నీ అదే నెంబరుగా కంట్రోలర్‌కు పంపేస్తుంది. కాబట్టి మార్పిడికి ఆఖరు తేదీ ముందే ప్రకటించి, ఆ రోజు సాయంత్రం ఆరు రీడర్లలోనూ 125నూ, యూఐడీ చదవడాన్నీ ఆఫ్ చేయించండి. తర్వాత ఒక పాత తెల్ల కార్డు, ఒక బ్యాంకు కార్డు తీసుకుని తలుపు తలుపుకూ తిరిగి ఆనించి చూడండి. “అనుమతి లేదు” అని ఎర్ర లైటు వెలిగినా పని పూర్తి కానట్టే. రీడర్ నెంబరు చదివింది కాబట్టే కాదనగలిగింది. లాగ్‌లో ఆ కార్డుల తాలూకు ఒక్క లైను కూడా ఉండకూడదు.